నాణెం మీద షరాబు గుర్తు

చెల్లని పైసాకు గీతలెక్కువ అని మనలో ఒక సామెత ఉన్నది. పసలేని మనిషి ఆర్భాటం చేసినప్పుడు, పనికిరాని వస్తువుకు హంగులు ఎక్కువైనప్పుడు ఈ మాట వాడుతూ ఉంటాము. సామెతలన్నీ అనుభవంలో నుండి పుట్టినవే, కాదనను. కాని ఈ ఒక్క సామెతను నమ్మి నేను ఒకప్పుడు ఒక పొరపాటు చేశాను. ఆ పొరపాటును మీతో చెప్పుకొని, దాని వెనుక ఉన్న రెండు వేల యేండ్ల కథను కొంత ముచ్చటించాలని ఈనాటి నా సంకల్పం.

మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. మహేంద్రతనయానది ఒడ్డున ఉన్న ఊరు. పర్లాకిమిడి మాకు కూతవేటు దూరం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, మా ఊరు ఇటు మిగిలింది. తెలుగు, ఒడియా, సవర భాషలు మూడూ వినిపించే సంత మాది. కొండ మీది సరుకు దిగేదీ, పల్లపు సరుకు ఎక్కేదీ అక్కడనే. ఇటువంటి చోట్ల రకరకాల నాణేలు చేతులు మారడం, మిగిలినవి ఇండ్లలో అడుగున పడి ఉండడం సహజం.

నేను వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న రోజులలో మా చెల్లెలి పెండ్లి కుదిరింది. సెలవులకు నౌపడాలో దిగి, చిన్నరైలెక్కి ఇల్లు చేరేసరికి మా నాయనమ్మ పెట్టెలో నుండి ఒక ఇత్తడి మరచెంబు తీసి నా చేతికిచ్చింది. అందులో పదమూడు వెండి రూపాయలున్నవి. వాటిని కరిగించి పిల్లకు కాలిపట్టీలు చేయించాలని ఇంట్లో అందరూ అనుకొన్నారు. పదమూడింటిలో ఆరింటి మీద విక్టోరియా రాణి తల నున్నగా ఉన్నది. తక్కిన ఏడూ మందంగా, అంచులు వంకరగా, పారసీ అక్షరాలతో ఉన్నవి. ఆ ఏడింటి నిండా చిన్నచిన్న గుంటలు. ఒకచోట పువ్వు, ఒకచోట చుక్క, ఒకచోట త్రిశూలం వంటి గీత. ఎవరో పనిలేక మేకుతో పొడిచినట్లుగా తోచినది నాకు.

కంసాలి కూడా వాటిని వేరుగా పెట్టాడు. "గీతలున్నవాటికి ధర తగ్గుతుంది బాబూ, లోపల ఏమున్నదో చెప్పలేము గదా" అన్నాడు. నేను చదువుకొన్నవాడిని. సామెత గుర్తుకు వచ్చి తల ఊపాను. నా కండ్ల ముందే రూపాయలు మూసలో పడినవి. కుంపటి మీద ఎంతోసేపు పట్టలేదు.

ఇంటికి వచ్చి చెప్పగానే మా నాయనమ్మ ముఖం చిన్నబోయింది. "అన్నీ ఇచ్చీసినావేటి బాబూ? రాణీగారివి ఇస్తే చాలును గదా. ఆ గుర్తులున్నవి మంచివిరా. నలుగురు చూసినవి" అన్నది. అయితే ఆమె దేవుడి పీటకింద ఒకటి వేరుగా ఉంచుకొన్నది. ఆమె చెంబు నింపినప్పుడు ఉన్నవి పద్నాలుగు, నాకు ఇచ్చినవి పదమూడు. మిగిలినది ఆ ఒక్కటే.

నలుగురు చూసినవి. ఈ రెండు మాటలు అర్థం కావడానికి నాకు పదేండ్లు పట్టింది.

చూడండి, మన భాషలో నాణెం, నాణ్యం అనే మాటలు రెండూ ఒక్క ఇంటి బిడ్డలే. సంస్కృతంలో నాణకం అంటే నాణెం. అదే మనకు నాణ్యం అనగా మేలిమి కూడా అయినది. నాణెం అంటేనే మేలిమి ఉన్న లోహం. కాని ఆ మేలిమి ఉన్నదని చెప్పవలసినవారు ఎవరు? రాజు తన ముద్ర వేసి చెబుతాడు. అయితే రాజులు మారుతారు. ఒక రాజు నాణెం మరొక రాజ్యానికి పోతుంది. వెండి అరుగుతుంది. దొంగ టంకసాలలో రాగిబిళ్ళకు వెండిరేకు తొడుగుతారు. సంతలో బియ్యం అమ్ముకొన్న రైతుకు పారసీ లిపి రాదు, ఢిల్లీ పాదుషా ఎవరో తెలియదు. అతడు ఎవరిని నమ్మాలి?

అక్కడ వస్తాడు షరాబు. నాణేలను పరీక్షించి, మార్చి, వడ్డీకిచ్చే వర్తకుడు. అతని ముందు ఒక చిన్న త్రాసు, ఒక గీటురాయి, ఒక నున్నని బండ ఉంటవి. నాణేన్ని బండ మీద వేసి మ్రోత వింటాడు. తూచి చూస్తాడు. అనుమానం వస్తే చిన్న ఉలితో గాటు పెట్టి లోపలి రంగు చూస్తాడు. తృప్తి కలిగితే తన చిన్న ఉక్కుముద్రను నాణెం మీద ఉంచి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. దాని అర్థం ఇంతే: నేను చూశాను, ఇది మంచిది, కాదంటే నా దగ్గరకు తీసుకొని రండి. ఆ ముద్ర ఎవరిదో ఆ బజారుకు తెలుసు. ఆ నాణెం మరొక ఊరికి పోయినప్పుడు అక్కడి షరాబు మళ్ళీ చూసి తన ముద్ర వేస్తాడు. కాబట్టి ఏడు ముద్రలున్న రూపాయి చెల్లని రూపాయి కాదు. ఏడుమార్లు చెల్లిన రూపాయి. లోపల ఏమున్నదో చెప్పలేమని కంసాలి అన్నాడే, లోపల ఏమున్నదో చూసినవారి సాక్షి సంతకాలే ఆ గీతలు.

మన ఉత్తరాంధ్రలో ఈ పని ఎంత అవసరమో తెలియాలంటే పద్దెనిమిదవ శతాబ్దపు పరిస్థితి జ్ఞాపకం చేసికోవాలి. ఈ ప్రాంతాన్ని ఆనాడు చికాకోలు సర్కారు అనేవారు. చికాకోలు అంటే శ్రీకాకుళమే. ఉత్తర సర్కారులకు ఇంగ్లీషు కంపెనీ 1765లో మొగలు పాదుషా నుండి ఫర్మానా పొందింది. మరుసటి యేడు నైజాముతో ఒడంబడిక చేసికొన్నది. ఆ కాలంలో దక్షిణాదిలో బంగారు వరహాలు, పణాలు నడిచేవి. పాదుషాల పేర రూపాయలు నడిచేవి. ఆర్కాటు నవాబు అనుమతితో 1736 నుండి ఫ్రెంచివారు, 1742 నుండి ఇంగ్లీషువారు కూడా ఆర్కాటు రూపాయలు ముద్రించారు. పుదుచ్చేరి రూపాయ మీద నెలవంక, మద్రాసు రూపాయ మీద తామర గుర్తు. చిల్లరకు రాగి డబ్బులు. ఈనాడు మనం ధనమంతటికీ వాడే డబ్బు అనే మాట ఒకప్పుడు ఒక చిన్న రాగి నాణెం పేరే. ఉత్తర సర్కారుల కోసమే కంపెనీ 1794లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హాములో రాగినాణేలు కొట్టించి, రూపాయకు నలభై ఎనిమిది అని వాటి మీదనే వ్రాయించింది. ఇన్ని నాణేల మధ్య ఒకదానికి మరొకటి ఎంత అని చెప్పగలిగినవాడు షరాబు ఒక్కడే.

దీనికి తోడు బట్టా అనే చిక్కు ఒకటి. బట్టా అంటే మారకంలో పోయే తగ్గింపు. బంగాళాదేశంలో ఆ యేడు ముద్రించిన కొత్త రూపాయకు పూర్తి విలువ ఉండేది. మరుసటి యేడు, ఆపై యేడు, తేదీ పాతబడిన కొద్దీ విలువ తగ్గించేవారు. వెండి తగ్గలేదు, తేదీ ముదిరినది. ఈ పద్ధతిని అరికట్టడానికి కంపెనీవారు షా ఆలం పాదుషా పట్టాభిషేక సంవత్సరాలలో పందొమ్మిదవదానినే ప్రతి రూపాయ మీద ఏటేటా వేయించారు. కాలాన్ని నాణెం మీద ఆపివేశారన్నమాట. షరాబులందరూ ధర్మరాజులని నేను చెప్పబోవడం లేదు. బట్టా పేర రైతును పిండినవారూ ఉన్నారు. కాని గుర్తు వేసినవాడు మాత్రం తన పేరును సంతలో పణంగా పెట్టినవాడే. గుర్తు వేసిన నాణెం చెడ్డదని తేలితే పోయేది అతని అంగడి.

ఈ ఆచారం మొగలాయీ కాలంలో పుట్టినది కాదు. మన దేశపు అతి ప్రాచీన వెండి నాణేలను విద్ధాంక నాణేలు అంటారు. వాటి తూకం సుమారు మూడున్నర గ్రాములకు కొంచెం లోపు. ముందువైపు సూర్యుడు, కొండ, ఏనుగు వంటి అయిదు పెద్ద గుర్తులు ఉంటవి. వెనుకవైపు ఇంకా చిన్నవి, తరువాత ఎప్పుడో కొట్టినవి కొన్ని ఉంటవి. ఈ చిన్న గుర్తులు వర్తక శ్రేణులు వేసినవని కొందరు పండితులు, ప్రభుత్వ పరీక్షకులు వేసినవని మరికొందరు అంటారు. ఎవరు వేసినా, పరీక్షించి వేసినవే అనడంలో తగాదా లేదు. అమరావతిలో ఇటువంటి నాణేలు ఒక్క నిక్షేపంలో ఏడు వేలకు పైగా దొరికినవి. పరమేశ్వరీలాల్ గుప్తగారు వాటిని పరిశీలించి వ్రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ప్రచురించింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రూపదర్శకుడు అనే ఉద్యోగి కనిపిస్తాడు. నాణేలను పరీక్షించడమే అతని పని. అందుకు తీసికొనే రుసుము నూటికి ఎనిమిదవ వంతు. మన షరాబుకు అతడు పూర్వికుడు.

పరుల నాణెం మీద తన గుర్తు వేసికోవడం రాజులకూ తెలుసు. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాతుడైన నహపానుని జయించిన తరువాత అతని వెండి నాణేలను కరిగించలేదు. వాటి మీదనే తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో దొరికిన పదమూడు వేల పైచిలుకు నాణేలలో తొమ్మిది వేలకు పైగా ఇట్లా మరుముద్ర పడినవే. ఓడినవాని ముఖమూ, గెలిచినవాని ముద్రా ఒకే బిళ్ళ మీద ఉన్నవి. చరిత్రకారునికి ఇంతకంటె మంచి శాసనం ఏమి కావాలి?

ఇక సముద్రం దాటి కొంచెం దూరం పోదాము. అమెరికాఖండంలో మెక్సికో, పెరూ దేశాల గనుల వెండితో స్పెయిన్ రాజులు పెద్ద డాలర్లు ముద్రించారు. ఒక్కొక్కటి ఇరవై ఏడు గ్రాముల తూకం. ఆ డాలరు నడవని రేవు ఆనాడు ప్రపంచంలో లేదు. చైనా వర్తకులు తమ చేతికి వచ్చిన ప్రతి డాలరును పరీక్షించి తమ అక్షరాన్ని దాని మీద పొడిచేవారు. కొన్ని డాలర్ల మీద రాజుగారి ముఖమే కనిపించనంతగా ముద్రలు పడినవి. ఐక్యరాష్ట్రాలవారు 1792లో సొంత టంకసాల నెలకొల్పుకొని 1794లో తొలి డాలర్లు ముద్రించినా, సరిపడినంత నాణెం లేక 1857 దాకా స్పానిష్ వెండిని చట్టబద్ధంగానే వాడుకొన్నారు. అక్కడి కంసాలులు, వర్తకులు కూడా నాణేల మీద తమ ముద్రలు వేశారు. న్యూయార్కు నగరపు స్వర్ణకారుడు ఎఫ్రాయిమ్ బ్రేషర్ తాను తూచి చూసిన బంగారు నాణేల మీద తన పేరులోని రెండు అక్షరాలు కొట్టేవాడు. అది మన షరాబు పద్ధతే. బాల్టిమోరులో హౌక్ అనే మందుల వర్తకుడు తన సర్వరోగనివారిణి పేరును అరడాలర్ల మీద కొట్టించి ఊరిలోకి వదిలాడు. ఇది మాత్రం ప్రకటన. రేడియోలు లేని రోజులలో చేతులు మారే నాణెమే ఇంటింటికీ పోయి చెప్పేది!

ఆ అమెరికా వెండి మన దాకా వచ్చింది. మన తీరపు బట్టల కోసం భీమునిపట్నంలో డచ్చివారు, విశాఖపట్నంలో ఇంగ్లీషువారు దిగి, బట్టకు బదులు ముఖ్యంగా వెండి పోశారు. మద్రాసు టంకసాలలో 1807 ప్రాంతంలో స్పానిష్ డాలర్లను తీసికొని, తూకం సరిచేసి, కరిగించకుండానే వాటి మీద అర్ధవరహా ముద్ర వేశారు. ఒకవైపు గుడి గోపురం, ఇంగ్లీషు, పారసీ అక్షరాలు. రెండవవైపు దేవతామూర్తి, తమిళం, మన తెలుగు అక్షరాలు. ముద్ర సరిగా పడని వాటిలో గోపురం చాటున స్పెయిన్ రాజు పేరులోని అక్షరాలో, ముఖంలోని గీతలో ఇప్పటికీ కనిపిస్తవి. అమెరికా గనిలో పుట్టి, స్పెయిన్ రాజు పేరు పెట్టుకొని, తెలుగు అక్షరాలతో మళ్ళీ జన్మించిన నాణెం అది. దానిని సేకరించేవారు వెదికేది ఆ పాత ముఖపు జాడనే.

ఈ కథ 1835లో ఒక మలుపు తిరిగింది. అంతకు ముందే, 1818లో, మద్రాసు ప్రభుత్వం వరహాను ప్రక్కకు పెట్టి రూపాయను ప్రధాన నాణెం చేసింది. నూరు వరహాలకు మూడువందల యాభై రూపాయలని కట్టింది. 1835 చట్టంతో కంపెనీ రాజ్యమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. తూకం నూట ఎనభై గ్రైన్లు, అనగా పదకొండున్నర గ్రాములకు కొంచెం పైన. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు మేలిమి వెండి. యంత్రం మీద గుండ్రంగా, అంచుకు నొక్కులతో ముద్రించినందువల్ల అంచు గీకితే తెలిసిపోతుంది. షరాబు గుర్తుకు క్రమంగా పని తగ్గిపోయింది. ఈ ఏకరూప నాణేనికి పాటుపడినవారిలో కలకత్తా టంకసాలలో లోహపరీక్షకుడైన జేమ్స్ ప్రిన్సెప్ ఒకడు. మరి రెండేండ్లకు అశోకుని బ్రాహ్మీలిపిని చదివి లోకానికి చెప్పినవాడు అతడే. పాత గుర్తుల అవసరాన్ని తీర్చినవాడే పాత అక్షరాలకు ప్రాణం పోశాడు.

ఇంతకీ మన ఇండ్లలో ఉన్నవాటి మాట. చాలా కాలం నాణేల సేకరణదారులు కూడా షరాబు గుర్తులను మచ్చలుగానే చూశారు. గుర్తులు లేని నాణేనికి ఎక్కువ ధర, ఉన్నదానికి తక్కువ. ఇప్పుడు ఆ దృష్టి మారుతున్నది. అమెరికాలో వర్తకముద్రలున్న నాణేలను సేకరించడం ఒక ప్రత్యేక శాఖ అయినది. కొన్ని ముద్రలు ఉంటే నాణెం విలువ పెరుగుతుంది కూడా. మన దగ్గర అంత శ్రద్ధ ఇంకా రావలసి ఉన్నది. వెండి ధర పెరిగినప్పుడల్లా పాతరూపాయలు మూసకే పోతున్నవి.

కాబట్టి మీ పెట్టెలో ఇటువంటి రూపాయి ఉంటే దానిని భూతద్దం కింద పెట్టి చూడండి. టంకసాలలో అచ్చుతో వచ్చిన తామర, నెలవంక వంటి గుర్తులు పైకి ఉబ్బి ఉంటవి. షరాబు గుర్తు లోపలికి దిగి ఉంటుంది. ఒక గుర్తు మీద మరొక గుర్తు పడితే ఏది ముందో ఏది వెనుకో తెలుస్తుంది. నిజమైన పాత ముద్ర అంచులు కూడా నాణెంతోపాటు అరిగి నున్నబడి ఉంటవి. నాణెం అంతా అరిగి ముద్ర మాత్రం పదునుగా ఉంటే అనుమానించవలసినదే. చింతపండుతోను, విభూతితోను తోమవద్దు. ఆ నలుపు వెండికి కవచం, దానిని తీసివేస్తే అక్షరాల అంచులు కూడా పోతవి. తూకం వ్రాసిపెట్టండి. అన్నిటికంటె ముఖ్యం, అది మీకు ఎవరి నుండి, ఏ ఊరిలో వచ్చిందో వ్రాసిపెట్టండి. ఊరు తెలియని గుర్తు, చిరునామా లేని సంతకం వంటిది. పొలంలోనో పాతగోడలోనో నిక్షేపంగా దొరికితే, పది రూపాయల విలువ మించినదానిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. దానిని పంచుకొని కరిగిస్తే పోయేది వెండి కాదు. ఏ నాణెం ఏ నాణెంతో కలిసి నడిచిందనే సాక్ష్యం పోతుంది.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. చెల్లెలి పట్టీలు మాత్రం ఉన్నవి. వాటిలో ఏడు రూపాయల మీది గుర్తులు ఎక్కడో కలిసిపోయి ఉన్నవి, ఎవరూ చదవలేరు. దేవుడి పీటకింద దాగిన ఆ ఒక్క రూపాయి నా దగ్గర ఉన్నది. దాని మీద మూడు గుర్తులున్నవి. మూడు బజారులలో ముగ్గురు మనుషులు దానిని చేతిలోకి తీసికొని, మ్రోగించి, తూచి, మంచిదే అన్నారు. వంశధార కిందుగా కళింగపట్నం రేవు నుండి వచ్చిందో, కొండమీది సంత నుండి దిగిందో, ఆ ముగ్గురి మాట మీదనే అది మా ఇంటి దాకా నడిచి వచ్చింది.

నాలుగవ ముద్ర వేసే అధికారం నాకు లేదు. ఒక కాగితం మీద దాని తూకం, మూడు గుర్తుల ఆకారాలు, మా నాయనమ్మ పేరు, మా ఊరి పేరు వ్రాశాను. దాని కిందనే, ఇటువంటివి మరి ఏడు ఉండేవని, వాటిని కరిగించినది నేనేనని కూడా వ్రాసి, రూపాయితోపాటు ఆ మరచెంబులోనే పెట్టి మూత బిగించాను.